సామూహిక హత్యాకాండ – కారణాలు, పరిణామాలు: 1948 నాటి హైదరాబాదు సంస్థానంపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

1948వ సంవత్సరం డిసెంబరు 9వ తేదీన ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ పారిస్ నగరంలో సమావేశమై, జాతిహనన నేరాన్ని నిరోధించుటకు, శిక్షించుటకు ఒక ఒడంబడికను ఆమోదించినది. సరిగా ఆ దినాలలోనే మన హైదరాబాదు సంస్థానంలో ముగ్గురు పెద్దలు జిల్లా వెంట జిల్లా తిరుగుచు, ఏ ఊరిలో ఎందరు చనిపోయినారో, ఎందరు స్త్రీలు వితంతువులైనారో, ఎందరు పిల్లలు అనాథలైనారో విచారించుచున్నారు. ఈ రెండు సంఘటనలకు నేరుగా సంబంధం లేదు. ఐనను రెండింటి వెనుక నిలిచిన ప్రశ్న ఒక్కటే. ఒక మనిషిని అతడు చేసిన పనికి గాక, అతడు పుట్టిన వర్గానికో, కొలిచే దైవానికో శిక్షగా చంపే స్థితి సమాజంలో ఎట్లు ఏర్పడుతుంది? ఏర్పడిన తరువాత ఆ సమాజం ఏమవుతుంది?

మన కళాశాల వార్షిక సంచికను తెలుగు చదువరులు ఎడమ వైపునుండి తెరుస్తారు. ఉర్దూ చదువరులు కుడి వైపునుండి తెరుస్తారు. 1948ని గూర్చిన మన జ్ఞాపకం కూడ అట్లే రెండు వైపులనుండి తెరువబడుతున్నది. ఒక ఇంట రజాకార్ల దౌర్జన్యం చెప్పుకొంటారు. ఆ తరువాత జరిగినదాని ప్రసక్తి రాదు. మరొక ఇంట పోలీసు చర్య పేరెత్తగానే ముసలివారి గొంతు పూడుకొనిపోతుంది. రజాకార్ల మాట మాత్రం పైకి రాదు. రెండు వైపులనుండి వచ్చే పుటలు నడుమ ఎక్కడనో కలువవలెను గదా! రెండు దుఃఖాలను ఒకే లెక్కలో వ్రాసుకొనని సమాజం ఆ దుఃఖాల కారణాన్ని ఎన్నటికి తెలిసికొనజాలదని మా అభిప్రాయం. ఈ వ్యాసంలో మేము చూపదలచినది అదే.

పదం – నిర్వచనం

జాతిహననమనే భావానికి ఆంగ్లంలో వాడే పదాన్ని పోలండు దేశీయుడైన యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ 1944లో కల్పించినాడు. గ్రీకు భాషలో జాతి, తెగ అనే అర్థమిచ్చే మాటకు లాటిన్‌లో చంపుట అనే అర్థమిచ్చే మాటను జోడించి ఆయన దీనిని నిర్మించినాడు. హిట్లరు పాలనలో ఆయన బంధువులు అనేకులు హతులైనారు.

1948 నాటి ఒడంబడిక ప్రకారం ఒక జాతీయ, తెగ, వర్ణ లేక మత సముదాయాన్ని పూర్తిగా గాని, కొంతగా గాని నాశనం చేయవలెననే ఉద్దేశంతో చేసే కొన్ని పనులు జాతిహననమవుతాయి. అవి ఐదు: ఆ సముదాయంలోని వారిని చంపుట; వారికి శారీరకంగా గాని మానసికంగా గాని తీవ్రమైన హాని చేయుట; వారు బ్రతుకజాలని పరిస్థితులు బుద్ధిపూర్వకంగా కల్పించుట; వారికి సంతానం కలుగకుండ చేయుట; వారి పిల్లలను బలవంతంగా వేరొక సముదాయానికి తరలించుట. భారతదేశం ఈ ఒడంబడికను 1959లో ధ్రువపరచినది.

ఇందులో 'ఉద్దేశం' అనే మాట ముఖ్యమైనది. చనిపోయినవారి సంఖ్య ఎంత పెద్దదైనను, ఒక సముదాయాన్ని నాశనం చేయవలెననే ఉద్దేశం రుజువు కానిదే చట్టం ఆ పేరు పెట్టదు. కావున మేము 1948 నాటి హైదరాబాదు సంఘటనలను 'సామూహిక హత్యాకాండ' అనియే పిలుస్తున్నాము. అట్లని పేరు చిన్నదైనంత మాత్రాన మరణం చిన్నది కాదు. వాటి వెనుక పనిచేసిన యంత్రాంగం ఎట్టిదో తెలియవలెనంటే ముందుగా, అందరు జాతిహననమని అంగీకరించిన ఒక ఉదాహరణను చూడవలెను.

రువాండా: ఒక ఉదాహరణ

ఆఫ్రికా ఖండ మధ్యభాగంలో రువాండా అనే చిన్న కొండల దేశం గలదు. అక్కడ హుటూ, టుట్సీ అనే రెండు వర్గాలవారు ఒకే భాష మాట్లాడుతూ, ఒకే ఊళ్లలో నివసిస్తూ, పరస్పరం వివాహాలు కూడ చేసికొనేవారు. అధికారంలో టుట్సీలది పైచేయి. సంఖ్యలో హుటూలు అధికులు. మొదట జర్మన్లు, పిదప బెల్జియం వారు ఆ దేశాన్ని ఏలినారు. 1930 దశకంలో బెల్జియం పాలకులు ప్రతి వ్యక్తికి ఒక గుర్తింపు పత్రమిచ్చి, దానిలో అతని వర్గాన్ని వ్రాసినారు. అంతకు ముందు కొంత సడలికగా ఉండిన భేదం అప్పటినుండి కాగితంపై గడ్డకట్టినది.

1959లో టుట్సీ ప్రభువులపై తిరుగుబాటు జరిగి, వేలాదిమంది టుట్సీలు పొరుగు దేశాలకు పారిపోయినారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చిన పిదప అధికారం హుటూ నాయకుల పాలైనది. పరదేశాలలో పెరిగిన టుట్సీల బిడ్డలు ఆయుధాలు ధరించి 1990 అక్టోబరులో సరిహద్దు దాటి వచ్చినారు. అప్పటికే కాఫీ ధరలు పడిపోయి రైతులు చితికియున్నారు. ప్రభుత్వ పక్షీయులైన తీవ్రవాదులు ఈ సమయాన్ని వాడుకొన్నారు. సరిహద్దులో పోరాడే సైనికుడు, ఊరిలో నాగలి పట్టే టుట్సీ రైతు ఒక్కరే అని ప్రచారం చేసినారు. 1993లో ప్రారంభమైన ఒక రేడియో కేంద్రం టుట్సీలను బొద్దింకలని పిలిచినది.

1994 ఏప్రిల్ 6న దేశాధ్యక్షుడు హబ్యారిమానా ప్రయాణం చేయుచున్న విమానం కూల్చివేయబడినది. ఆ రాత్రినుండి సుమారు 100 దినాలు హత్యలు సాగినవి. గుర్తింపు పత్రాలు చూచి దారులలో చంపినారు. చర్చిలలో తలదాచుకొన్నవారిని అక్కడనే చంపినారు. టుట్సీలను కాపాడబోయిన హుటూలను కూడ చంపినారు. మృతులు సుమారు 8 లక్షలని ఐక్యరాజ్య సమితి అంచనా. 10 లక్షలకు పైనని రువాండా ప్రభుత్వ లెక్క. ఇంత జరుగుచుండగా ఏప్రిల్ 21న భద్రతా సమితి అక్కడి తన శాంతి సేనను పెంచుటకు బదులు 270 మందికి తగ్గించినది.

ఈ కథలో నాలుగు మెట్లు కనబడుతున్నవి. మొదటిది, మనుషులను రెండు పెట్టెలలో వేసి పేరు వ్రాయుట. రెండవది, ఒక పెట్టెలోని సాయుధుల తప్పును ఆ పెట్టెలోని అందరి తలపై మోపుట. మూడవది, భయాన్ని ప్రచారంతో పెంచుట. నాల్గవది, కాపాడవలసినవాడు తప్పుకొనుట. ఇవే మెట్లు మన నేలపై ఎంతవరకు కనబడతాయో ఇక చూతము.

హైదరాబాదు సంస్థానం – పూర్వరంగం

నిజాం రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు కలిసియుండేవి. ప్రజలలో ముస్లిములు సుమారు ఎనిమిదింట ఒక వంతు. ప్రభువు ముస్లిము; ప్రభుత్వోద్యోగాలలో, పోలీసులో, సైన్యంలో ముస్లిములదే అధిక స్థానం; రాజభాష ఉర్దూ. అట్లని ముస్లిములందరు పాలకులని భావించరాదు. పల్లెలలో దూదేకులవారు, చిన్న రైతులు, నేతపనివారు, బండి తోలేవారు, బంట్రోతులు ఎందరో ముస్లిములు పేదలుగానే బ్రతికినారు. మరొకవైపు పల్లెపై పెత్తనం చేసిన దేశ్‌ముఖులు, పెద్ద భూస్వాములు అధికులు హిందువులే. వెట్టి చాకిరి చేయించుకొన్నవాని మతం వేరు, చేసినవాని మతం వేరు అని చెప్పుటకు వీలు లేదు. విసునూరు దేశ్‌ముఖు భూమి గుంజుకొనబోగా కోర్టుకెక్కి ఎదిరించి 1940లో హతుడైన షేక్ బందగీ ఒక పేద ముస్లిము రైతు. 1946 జూలై 4న కడవెండిలో అదే దేశ్‌ముఖు మనుషుల తుపాకికి బలియైన దొడ్డి కొమరయ్య హిందువు. ఇద్దరిని చంపినది ఒకే గడి.

ఈ నిజాన్ని కప్పివేసే భావన ఒకటి పట్టణాలలో పుట్టినది. 1927లో ఏర్పడిన మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థ, రాజ్యాధికారం నిజాంకు మాత్రమే గాక ప్రతి ముస్లిముకు చెందినదని చెప్పసాగినది. చేతిలో సెంటు భూమి లేని ముస్లిముకు సైతం తాను పాలకుడననే భ్రమ కలిగినది. ఈ భ్రమ అతనికి ఒక పూట అన్నం పెట్టలేదు. కాని తరువాత అతని ప్రాణం తీసినది.

1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ ఆ సంస్థకు నాయకుడైనాడు. ఆయన నాయకత్వాన రజాకార్ల దళం పెరిగినది. ఉర్దూలో రజాకారు అనగా స్వచ్ఛందంగా సేవ చేయువాడు. మంచి మాటకు ఇంతటి చెడు అర్థం పట్టిన ఉదాహరణలు మన రెండు భాషలలోను అరుదు. 1947 నవంబరు 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి నడుమ యథాతథపుటొడంబడిక కుదిరినను శాంతి కలుగలేదు. రజాకార్లు, నిజాం పోలీసులు గ్రామాలపైబడి దోచినారు, తగులబెట్టినారు, స్త్రీలను అవమానించినారు. పెక్కుచోట్ల వారిని గడులకు పిలిపించి, సంఘం వారిపై ఉసిగొల్పినది హిందూ దేశ్‌ముఖులే. నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న ఎనభైమందికి పైగా గ్రామస్థులను రజాకార్లు, పోలీసులు కాల్చి చంపినారు. మన నల్లగొండ జిల్లాలో గుండ్రాంపల్లి పేరు ఈనాటికి ఆ దౌర్జన్యానికి గుర్తు. సరిహద్దు ప్రజల బాధ మన ప్రాంతానికి తెలియనిది కాదు. దామరచర్లకు దక్షిణాన కృష్ణానది. ఆవలి గట్టు నాడు యూనియన్ భూభాగం. అట్టి సరిహద్దుల పొడుగునా జనం పిల్లలను, పశువులను తోలుకొని ఆవలికి తరలిపోయినారు.

ముస్లిము విద్యార్థులు ఈ భాగాన్ని త్వరగా దాటిపోరాదు. మన పేరు చెప్పి చేసిన అన్యాయాన్ని మనం ముందుగా చదువవలెను. అట్లు చదివినవానికే తన వారి మరణాన్ని గూర్చి అడిగే నైతికమైన హక్కు దృఢపడుతుంది.

1948 సెప్టెంబరు – డిసెంబరు

1948 సెప్టెంబరు 13న భారత సైన్యాలు సంస్థానంలో ప్రవేశించినవి. ప్రధాన సైన్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వాన షోలాపురం వైపునుండి వచ్చినది. మరొక సైన్యం బెజవాడనుండి కోదాడ, మునగాల, సూర్యాపేట మార్గాన కదలినది. 17వ తేదీన నిజాం యుద్ధ విరమణ ప్రకటించినాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయినాడు. సైనికంగా ఐదు దినాలలో ముగిసిన ఈ చర్యకు ప్రభుత్వం 'పోలీసు చర్య' అని పేరు పెట్టినది. సంస్థాన ప్రజలలో అధిక సంఖ్యాకులకు అది రజాకార్ల పీడనుండి విముక్తి. ఇది కాదనరాని సత్యం.

కాని సైనిక చర్య ముగిసిన చోట మరొక చర్య మొదలైనది. రజాకార్లు చేసినదానికి ప్రతీకారమనే పేరుతో సామాన్య ముస్లిములపై దాడులు జరిగినవి. వార్తలు ఢిల్లీ చేరినవి. ప్రధాని నెహ్రూ కోరికపై ఒక సుహృద్భావ సంఘం హైదరాబాదుకు వచ్చినది. దానికి నాయకుడు గాంధేయవాది, స్వాతంత్ర్య సమర యోధుడు పండిత సుందర్‌లాల్. సభ్యులలో కాజీ అబ్దుల్ గఫార్ ఉర్దూ సాహిత్య విద్యార్థులకు పరిచితుడే. ఆయన ప్రసిద్ధ రచయిత, హైదరాబాదునుండి వెలువడిన 'పయాం' పత్రిక సంపాదకుడు. మూడవవారు మౌలానా అబ్దుల్లా మిస్రీ. వీరు నవంబరు 29నుండి డిసెంబరు 21వరకు సంస్థానంలోని 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగి, 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా ప్రజలను విచారించినారు.

తగ్గించి వేసిన లెక్క ప్రకారమే పోలీసు చర్య సమయంలోను, తదనంతరం మొత్తం 27 వేలనుండి 40 వేలమంది ప్రాణాలు కోల్పోయినారని వారి నివేదిక తేల్చినది. అందరికంటె ఎక్కువ నష్టపడినవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు. ఈ నాలుగింటిలోనే 18 వేలకు తక్కువ గాకుండ చనిపోయినారు. తరువాతి వరుసలో ఔరంగాబాదు, బీడు, నల్లగొండ, మెదకు జిల్లాల పేర్లున్నవి. ఈ నాలుగింటిలో కనీసం 5 వేలమంది. నల్లగొండ అనగా నాడు మిర్యాలగూడ, సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు గల మన జిల్లాయే గదా! ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో లేదు.

కాసిం రజ్వీ స్వస్థలమైన లాతూరులో హత్యలు ఇరువది దినాలకు పైగా సాగినవని నివేదిక చెప్పుతున్నది. అక్కడ సుమారు 10 వేలమంది ముస్లిములుండగా, సంఘం వెళ్లిన నాటికి 3 వేలమంది మాత్రమే మిగిలియున్నారు. వెయ్యిమందికి పైగా చనిపోగా తక్కినవారు పారిపోయినారు. సంఘ సభ్యులు ఒకచోట బావిలో 11 శవాలు చూచి లెక్కపెట్టినారు. అందులో ఒక తల్లి, ఆమె రొమ్మున కరచుకొనియున్న పసిబిడ్డ ఉన్నారు. ఆ బిడ్డ రజాకారు కాడని చెప్పుటకు వేరే సాక్ష్యమేల?

నివేదిక పక్షపాతంతో వ్రాసినది కాదు. రజాకార్ల దౌర్జన్యాన్ని స్పష్టంగా చెప్పినది. జనరల్ చౌధురి మతద్వేషం లేనివాడని మెచ్చుకొన్నది. సైనికాధికారులు అనేకచోట్ల ముస్లిములను కాపాడినారని వ్రాసినది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడిలోను హత్యలలోను పాల్గొన్నారని కూడ దాచకుండ వ్రాసినది. ఇస్లాం చరిత్రను పరిశోధించిన కెనడా పండితుడు విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లో ఒక వ్యాసం వ్రాసి ఈ విషాదాన్ని విదేశీ చదువరుల దృష్టికి తెచ్చినాడు. ఐనను సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వం ప్రకటించలేదు. అది సామాన్య చదువరుల చేతికి వచ్చినది 2013లో. అనగా 65 సంవత్సరాలకు.

కారణాల విచారణ

మొదటి కారణం, పేరును నేరంగా చేయుట. ముస్లిములందరు పాలకులని మజ్లిసు చెప్పినది; ముస్లిములందరు రజాకార్లని ప్రతీకారం కోరినవారు నమ్మినారు. పరిశీలించి చూచిన ఈ రెండు మాటలు ఒక్కటే. ఒకడు గర్వంతో గీచిన గీతనే మరొకడు ద్వేషంతో అనుసరించినాడు. రువాండాలో గుర్తింపు పత్రం చేసిన పని ఇక్కడ గడ్డం, టోపీ, పేరు చేసినవి.

రెండవ కారణం, అధికార శూన్యత. పాత తహసీల్దార్లు, అమీన్లు పారిపోయినారు లేక పట్టుబడినారు. కొత్త యంత్రాంగం ఊరూరికి చేరుటకు వారాలు పట్టినది. సైన్యం రాజధానికి దారి తీసినది; దారికి దూరాన ఉన్న పల్లెలో చట్టమనేది లేకపోయినది. ప్రభుత్వం లేని దినాలలో పొరుగువాని మంచితనమే మనిషికి రక్షణ. అది అన్ని ఊళ్లలో ఒక తీరుగా ఉండదు.

మూడవ కారణం ఆస్తి. దుకాణం, పొలం, పశువులు, వ్రాసియిచ్చిన అప్పు పత్రం — హత్య జరిగిన చోటనెల్ల వీటిపై ఒక కన్ను ఉండినది. ధర్మాగ్రహమని చెప్పుకొన్నదానిలో లాభాపేక్ష ఎంత కలిసినదో విచారించిననే గాని నిజం తేలదు. రువాండాలోను చంపబడినవాని పొలం, పశువులు చంపినవారి పాలైనవి.

నాల్గవ కారణం బయటివారి ప్రోద్బలం. సరిహద్దు ఆవలి పట్టణాలనుండి సాయుధ ముఠాలు సైన్యం వెంట ప్రవేశించినవని నివేదిక పేర్కొన్నది. కలిసి బ్రతికిన పల్లెకు పగ బయటినుండి నేర్పవలసి వచ్చినది.

ఐదవది, న్యాయవిచారణపై నమ్మకం లేకుండుట. రజాకార్ల చేతిలో ఇల్లు కాలినవానికి, బిడ్డ చనిపోయినవానికి న్యాయస్థానం న్యాయం చేయునని ఆశ కలిగియుండిన, అతడు పొరుగు దూదేకుల సాయబు ఇంటికి కత్తి పట్టుకొని పోయియుండడు. నేరస్థుడు దొరకనపుడు అతని పోలిక గలవాడు దొరుకుతాడు. ఎద్దుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగినవన్న సామెత ఇందుకే పుట్టినదనిపిస్తుంది.

అడ్డు నిలిచినవారు

హత్యాకాండ అనివార్యమని, ప్రజల రక్తంలోనే ద్వేషమున్నదని చెప్పువారికి సమాధానం అడ్డు నిలిచినవారి చరిత్రయే.

'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయెబుల్లా ఖాన్ రజాకార్లను తన పత్రికలో నిర్భయంగా విమర్శించినాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిము ప్రముఖులు రజాకార్ల దళాన్ని రద్దు చేయవలెనని, సంస్థానం భారతదేశంలో చేరవలెనని ఒక ప్రకటన చేయగా దానిని ప్రచురించినాడు. ఆగస్టు 21 రాత్రి ఆయనను నడివీథిలో నరికినారు. మరునాటికి ప్రాణం పోయినది. ఆ ఏడుగురిలో ఒకరైన ఫరీద్ మీర్జా నాందేడు జిల్లాలో తహసీల్దారుగా పనిచేస్తూ రజాకార్ల అన్యాయాన్ని సహింపక ఉద్యోగం వదలుకొన్నాడు. కవి మఖ్దూం మొహియుద్దీన్ తెలంగాణ రైతుల పక్షాన నిలిచి అజ్ఞాతవాసం, జైలు అనుభవించినాడు. ముస్లిములందరు రజాకార్లనే మాట అబద్ధమని చెప్పుటకు ఈ జీవితాలు చాలును.

అట్లే రెండవ వైపున. తమ ప్రాణాలకు తెగించి ముస్లిముల కుటుంబాలను కాపాడిన హిందువులు అనేకచోట్ల కనబడినారని సుందర్‌లాల్ నివేదిక సంతోషంతో వ్రాసినది. ముఖ్యంగా ఒకే వృత్తివారి నడుమ ఈ ఆత్మీయత బలంగా ఉండినది. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు ముస్లిము నేతపనివారి పక్షాన నిలిచి, దాడికి వచ్చిన హిందువులతోనే పోరాడి, కొందరు ప్రాణాలే ఇచ్చినారు. ఎత్తుకొనిపోబడిన ముస్లిము స్త్రీలను తిరిగి ఇల్లు చేర్చుటకు సాయపడిన హిందువులు కూడ అనేకులు. తెలంగాణ పల్లెలలో హిందూ, ముస్లిము పేదలు ఒకే సంఘంలో చేరి ఒకే దొరను ఎదిరించిన అనుభవం ఉండుటచే మరాఠ్వాడాలో వలె ఇక్కడ పగ రాజుకొనలేదని ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో వివరించినాడు. రువాండాలో సంఖ్యలో స్వల్పులైన ముస్లిములు పలువురు టుట్సీలను ఇండ్లలో, మసీదులలో దాచి కాపాడినారు. ఒకే మగ్గం, ఒకే పొలం, ఒకే ప్రార్థనా స్థలం — ఏదో ఒక పని కలిసి చేసినవారు ఒకరినొకరు చంపుకొనుట కష్టం. ఇది మేము ఈ చరిత్రనుండి గ్రహించిన ముఖ్యమైన సూత్రం.

పరిణామాలు

తక్షణ పరిణామం మరణాలు. వాటి వెంట వితంతువులు, అనాథలు, అపహరింపబడిన స్త్రీలు, బలవంతపు మతమార్పిడులు. ఇవి ఒక తరం దుఃఖం.

రెండవది జీవనోపాధి. నిజాం సైన్యం రద్దైనది. పోలీసులో, కచేరీలలో పనిచేసిన వేలాదిమంది ఉద్యోగాలు పోయినవి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దైనవి. ఇది న్యాయమైన సంస్కరణ. ఐనను జాగీరుదారు ఇంటిపై ఆధారపడిన బంట్రోతు, వంటవాడు, గుమాస్తా కూడ వీథిన పడినారు. ఉర్దూ బోధనకు ప్రసిద్ధమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన భాష మారినది. చదువుకొన్నవాడు ఒక్కసారిగా చదువు రానివాడైనట్లయినది. ఎందరో పల్లెలు వదలి హైదరాబాదు నగరానికి, కొందరు పాకిస్తానుకు పోయినారు. నాయకుడు కాసిం రజ్వీ 1957లో జైలునుండి విడుదలై పాకిస్తాను చేరి 1970లో అక్కడనే చనిపోయినాడు. ఆయన ప్రసంగాలకు మూల్యం చెల్లించినవారు మాత్రం ఇక్కడి బావులలో మిగిలినారు.

మూడవ పరిణామం మౌనం. దెబ్బ తిన్నవారు భయంచేత మాట్లాడలేదు. కొట్టినవారు సిగ్గుచేత మాట్లాడలేదు. ప్రభుత్వం పరువుకొరకు మాట్లాడలేదు. మౌనం గాయాన్ని మాన్పదు. చెప్పని కథ పిల్లలకు అనుమానంగా సంక్రమిస్తుంది. ఈనాటికి పేరు చూచి ఒకనిని 'రజాకారు' అని ఎత్తిపొడిచే అలవాటు, 1948 సెప్టెంబరు 17ను గూర్చి వాడవలసిన పేరేదో ప్రతి యేట తగవు పడే అలవాటు ఆ మౌనం బిడ్డలే.

రువాండా ఈ విషయంలో కొంత వేరు మార్గం పట్టినది. 1994 జూలైలో హత్యాకాండ ఆగిన పిదప సుమారు 20 లక్షలమంది హుటూలు పొరుగు దేశాలకు పోయినారు; ఆ కల్లోలం కాంగో యుద్ధాలకు దారి తీసినది. ఐనను విచారణ జరిగినది. ఐక్యరాజ్య సమితి న్యాయస్థానం 1998లో అకాయెసు అనే పురపాలకునికి శిక్ష విధించినది. జాతిహనన నేరానికి అంతర్జాతీయ న్యాయస్థానం విధించిన మొదటి శిక్ష అదే. 2003లో విద్వేష ప్రచారం చేసిన రేడియో, పత్రికల బాధ్యులకు శిక్ష పడినది. 'గచాచా' అనే గ్రామ పంచాయతీ న్యాయసభలు 2012లో ముగియునాటికి పది లక్షలకు మించిన కేసులు విచారించినవి. ఊరివారి ఎదుట చంపినవాడు నిలిచి, శవాన్ని ఎక్కడ పూడ్చినాడో చెప్పవలసి వచ్చినది. లోపాలు లేవని కాదు. విజయం పొందిన సైన్యం చేతిలో వేలాదిమంది హుటూ పౌరులు కూడ చనిపోయినారు. ఆ మరణాలను గూర్చి అక్కడ నేటికి బహిరంగంగా మాట్లాడుట కష్టం. సగం లెక్క చెప్పుట అసలు చెప్పకుండుటకంటె మేలు. కాని సగం లెక్కతో శాంతి పూర్తి కాదు.

ఉపసంహారం

ఈ విషయాన్ని అధ్యయనం చేయగోరు విద్యార్థులకు మేము నాలుగు మాటలు సూచించదలచినాము.

ఒకటి: బైరాన్‌పల్లిని చదివిన దినాననే లాతూరును చదువవలెను, లాతూరును చదివిన దినాననే బైరాన్‌పల్లిని చదువవలెను. ఒకదానిని మరొకదానికి జవాబుగా గాక, రెండింటిని ఒకే చరిత్రగా చదువవలెను. ఆగస్టులో చనిపోయినవాని ప్రాణానికి సెప్టెంబరులో చనిపోయినవాని ప్రాణం వెల కాదు.

రెండు: సంఖ్యలను పెంచరాదు, తగ్గించరాదు. నివేదిక 27 వేలనుండి 40 వేలని చెప్పిన చోట దానిని లక్షలు చేసినవాడు, అసలు ఏమీ జరుగలేదన్నవాడు ఇద్దరు మృతులకు అపచారం చేసినవారే.

మూడు: మన ఊళ్లలో ఆ దినాలు చూచినవారు ఇక మిక్కిలి కొద్దిమంది. వారివద్ద కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. తెలుగు విద్యార్థి, ఉర్దూ విద్యార్థి జంటగా పోవుట మంచిది. ఒకరు అడుగలేని ప్రశ్న మరొకరు అడుగుతారు. ఒకరికి అందని మాట మరొకరికి అందుతుంది. అట్లు వ్రాసికొన్నవి మన గ్రంథాలయంలో భద్రపరచే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కార్యవర్గాన్ని సవినయంగా కోరుచున్నాము.

నాలుగు: వెనుకటి నాలుగు మెట్లలో మొదటి మెట్టును మన నోటిలోనే గుర్తుపట్టవలెను. ఎవడో ఒకడు చేసిన పనిని 'వాళ్లు' చేసినారని అనునపుడు మనం ఆ మెట్టుపై కాలు పెట్టినట్లే. హత్యాకాండ ఆఖరి మెట్టుననే కనబడుతుంది. కాని ఆపుటకు వీలున్నది మొదటి మెట్టున మాత్రమే. అక్కడ ఆపుటకు సైన్యం అక్కరలేదు. ప్రక్కన కూర్చున్న స్నేహితుడు "వాళ్లెవరు? పేరు చెప్పు" అని ఒక్క ప్రశ్న అడిగిన చాలును.